శనారం చదువు

మొన్న మా చెల్లెలి మనవడి పురుడు. ఇరవై ఒకటో రోజున చేశారు. నేను వెళ్లేసరికి వంటింటి గడప పక్కన ఒక పెద్దామె కూర్చుని, పసివాడి నాలుకకు రాయడానికి సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తోంది. ఆ ఘాటు వాసన తగిలిందో లేదో, హనుమకొండలో మా అమ్మ చెక్కబీరువా కళ్లకు కట్టింది. చుట్టూ బంధువులు, పిల్లలు, హడావుడి. నేను కాసేపు ఆ గడప దగ్గరే నిలబడిపోయాను.

మా వీధిలో ఎవరింట్లో బీరువా తెరిచినా కలరా ఉండల వాసన వచ్చేది, పట్టుచీరలు కనబడేవి. మా ఇంట్లో బీరువా తెరిస్తే వస వాసన, ఎండిన వేపాకు వాసన. పై అరలో పుస్తకాలు. కింది అరల్లో ఖాకీ అట్టలేసిన లాంగ్ నోటుబుక్కులు, నాడాతో కట్టిన పాత పత్రికల కట్టలు. అమ్మ చీరలు ఇనుప సందుగలో మడతలు పడి ఉండేవి. ఉన్న ఒక్క బీరువానూ ఆమె శనారం చదువుకు ఇచ్చేసింది. శనారం చదువు అంటే శనివారం మధ్యాహ్నాలు మా వీధి ఆడవాళ్లు మా ఇంట్లో కూడి చదువుకోవడం, రాసుకోవడం.

ఆ శనారం చదువు గురించి చెప్పగలిగినవాళ్లలో చివరి మనిషి కాజీపేట అత్తమ్మ. ఈ వేసవిలో ఆమె కూడా పోయింది. అప్పటి నుంచీ రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నాను. వస వాసన తగిలాక ఇక ఆగబుద్ధి కాలేదు.

* * *

శనివారం మాకు ఒంటిపూట బడి. అన్నాలు తిని, గిన్నెలు తోమి, పిల్లలని పడుకోబెట్టి మా వీధి ఆడవాళ్లు ఒక్కొక్కరే మా ఇంటికి వచ్చేవారు. ముందు గదిలో గచ్చు మీద జంపఖానా పరిచేది అమ్మ. రేడియో కట్టేసేది. తలుపు దగ్గరగా వేసేది కానీ గొళ్లెం పెట్టేది కాదు, ఎవరైనా ఆలస్యంగా వస్తే లేవనక్కర లేకుండా.

సంఘమని పేరు లేదు, రిజిస్ట్రేషను లేదు, అధ్యక్షురాలు లేదు. అసలు మనిషి మాత్రం పెద్ద టీచరమ్మ. ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. ఆమె బడికి పోయి పెద్ద చదువులు చదివింది కాదు. పెళ్లై ఇద్దరు పిల్లలు పుట్టాక ఆంధ్ర సారస్వత పరిషత్తు పరీక్షలకు కట్టి ప్రాథమిక, ప్రవేశ, విశారద వరుసగా పాసై ఉద్యోగం తెచ్చుకుంది. 1943లో పుట్టిన ఆ పరిషత్తు తన లాంటి ఎంతమంది ఆడవాళ్ల చేతిలో జీతం రాళ్లు పెట్టిందో ఆమె తరచూ చెప్పేది. పరిషత్తు అంటే పండితుల సభ అని ఊరికే అనుకుంటాం. ఇంట్లో కూర్చుని చదువుకుని పరీక్ష రాసే వీలు ఉండటం వల్ల ఎన్ని వంటిళ్లలోకి తెలుగు వ్యాకరణం వచ్చి కూర్చుందో ఎవరూ లెక్క తీయలేదు.

మా అమ్మ ఉండేది, చేతిరాత అందరికంటే బాగుండేది కాబట్టి నోటుబుక్కు ఆమె దగ్గరే. కచేరీలో టైపు చేసే అక్క ఉండేది, సెలవు పెట్టకుండా శనివారాలు ఎలా రాగలిగేదో ఇప్పటికీ అర్థం కాదు. వెనక వీధి బట్టల దుకాణం వాళ్ల కోడలు ఉండేది. వకీలు గారి భార్య ఉండేది, అందరం వకీలమ్మ అనేవాళ్లం. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి మా వీధికి మారిన కుటుంబంలోని అత్తమ్మది గుంటూరు వైపు. వచ్చిన కొత్తలో "మీ ఊరి సంగతులు నాకేం తెలుస్తాయండీ, ఊరికే వింటాను" అని ఒక మూలన కూర్చునేది. తర్వాత తర్వాత అందరికంటే ఎక్కువ పేజీలు ఎక్కించింది ఆమే.

నా పని చదివి వినిపించడం. "బిడ్డా, దాని గొంతు స్పష్టంగ ఉంటది, దాన్ని చదవనియ్యి" అని టీచరమ్మ నన్ను ముందు కూర్చోబెట్టేది. బ్రిల్ సిరా సీసా మూత తీసి పెన్నుల్లో పోయడం కూడా నా పనే. వేళ్లకు నీలం అంటుకుంటే తలకు రాసుకునేదాన్ని.

అందరూ రాస్తున్నప్పుడు గదిలో పాళీల గరగర తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. ఎక్కడో కాజీపేట వైపు రైలు కూత. పెరట్లో పిచ్చుకలు. తినడానికి ఏదో ఒకటి ఉండేది, ఎక్కువగా గుడాలు. వానాకాలం మక్కగారెలు, ఎవరికైనా ఓపికుంటే సర్వపిండి. సంక్రాంతి తర్వాత రెండు వారాలు సకినాలు. నూనె చేత్తో కాగితం ముట్టుకుంటే టీచరమ్మ ఊరుకునేది కాదు, లేచి చెయ్యి కడుక్కుని రావలసిందే.

సాయంత్రం ఎవరో ఒకరు వీధిలోంచి "నల్లా వచ్చింది" అని కేకేసేవారు. చదువుతున్న వాక్యం మధ్యలో ఉన్నా సరే, పెన్నులకు మూతలు పడేవి. నిమిషంలో వీధంతా బిందెల మోత.

* * *

ఎందుకు మొదలైందో చెప్పాలి.

టీచరమ్మ ఇంకా ఉద్యోగంలో ఉన్నప్పుడు క్లాసులో ఒక పిల్ల లేచి "టీచర్, మన దిక్కు కవులు లేరా?" అని అడిగిందట. పోతన ఉన్నాడు కదే అందట ఈమె. "ఇప్పటోళ్లు?" అందట ఆ పిల్ల. ఆ ప్రశ్న ఈమెను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అదే మాట ఆ పిల్ల పుట్టక ముందే ఒకాయన పత్రికలో రాశాడు, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు. దానికి సురవరం ప్రతాపరెడ్డి జవాబు చెప్పిన తీరు టీచరమ్మకు ప్రాణం. వాదన పెట్టుకోలేదు. ఊరూరికీ కబురు పెట్టి, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవుల్ని అచ్చులో నిలబెట్టాడు.

"కొట్లాడి ఒక్కని నోరు మూయించొచ్చు. గాయన అట్ల చెయ్యలే, లెక్క చూపిచ్చిండు" అనేది. ఆ మాటే శనారం చదువుకు పునాది. ఎవరేం రాశారు, ఎక్కడ రాశారు, ఎవరు విన్నారు, అంతా లెక్క తీసి పెట్టాలి. తెలంగాణలో తెలుగు కోసం జరిగిన పనంతా, గ్రంథాలయాల దగ్గర్నుంచి రచయితల సంఘాల దాకా, తెలిసినవాళ్లు బతికి ఉండగానే రాసుకోవాలి.

అప్పుడు నాకు ఇవన్నీ కథల్లాగే వినిపించేవి. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిన కథ. మూడేళ్లకు మా హనుమకొండలోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చిన కథ, అది విన్నప్పుడల్లా మా అందరికీ కొంచెం గర్వం. ఇనుగుర్తి అనే పల్లెటూళ్లో ఒద్దిరాజు అన్నదమ్ములు 1922లో తెనుగు పత్రిక నడిపిన కథ. మీటింగు పెట్టాలన్నా ముందు సర్కారు అనుమతి కావాలన్న నిజాం ఉత్తర్వు, గస్తీ నిషాన్ 53 కథ. కోర్టులో, కచేరీలో, బడిలో ఉర్దూ తప్ప వినబడని రోజులవి.

ఒక కథ మాత్రం టీచరమ్మ ఏడాదికి ఒకసారైనా చెప్పేది. 1921లో హైదరాబాద్‌లో వివేకవర్ధిని హాల్లో సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. పూణే నుంచి వచ్చిన కార్వే గారు అధ్యక్షులు, ఆడపిల్లల చదువు కోసం జీవితం పెట్టిన మనిషి. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభ గేలి చేసి కూర్చోబెట్టింది. ఆ అవమానంలోంచే నిజాం రాష్ట్రంలోని తెలుగువాళ్ల సంఘంగా ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. టీచరమ్మ ఇక్కడ ఆగి ఒక్కొక్కరి మొహం చూసేది.

"ఆనాడు ఆ సభల ఆడోళ్లు ఉన్నరా? ఉంటే ఏమనుకున్నరు? ఇంటికి పోయి ఎవలకు చెప్పుకున్నరు?"

ఆ ప్రశ్నకు జవాబు మా నోటుబుక్కుల్లో దొరకలేదు. అలాంటివే వేరే ప్రశ్నలకు మాత్రం దొరికాయి.

* * *

నోటుబుక్కు రాసే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అంత గట్టి పద్ధతి నేను తర్వాత ఉద్యోగంలో కూడా చూడలేదు.

కుడి వైపు పేజీలో విషయం. ఎడమ వైపు పేజీ ఖాళీగా వదిలేవారు, తర్వాత ఎవరైనా కొత్త సంగతి తెస్తే అక్కడ రాయడానికి. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్క అక్షరం. చెప్పిన మనిషి కళ్లారా చూసిందైతే "చూ". ఎవరో చెప్తే విన్నదైతే "వి". పుస్తకంలోనో పత్రికలోనో ఉన్నదైతే "చ", అంటే చదివింది. "వి" పడిన సంగతి ఇంకొకరి నోటి నుంచి విడిగా వస్తే దాని పక్కన చుక్క. చుక్క పడేదాకా ఆ సంగతిని బయట ఎవరికీ చెప్పకూడదు.

ఈ చుక్క కోసం ఎంత గొడవయ్యేదో! ఒకసారి దాశరథి జైల్లో బొగ్గుతో గోడ మీద పద్యం రాసిన సంగతి వచ్చింది. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గు. బట్టల దుకాణం కోడలు అది మా వరంగల్ జైలే అంది, వాళ్ల మామ చెప్పాడంది. ఆమెకు మా ఊరికే ఆ గొప్ప దక్కాలని ఉంది, నిజానికి మా అందరికీ ఉంది. టీచరమ్మ "వి" అని రాయించి పక్కన పెట్టింది. వారాలు గడిచాయి. మా బాపు లైబ్రరీ నుంచి పుస్తకాలు మోసుకొచ్చేవాడు, కచేరీ అక్క వాటిని వెతికేది. చివరికి అది నిజామాబాద్ జైలని తేలింది. వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఆయనతో పాటే ఖైదీ. 1949లో అచ్చయిన అగ్నిధార కవితల పుస్తకాన్ని దాశరథి ఆయనకే అంకితమిచ్చాడన్న సంగతి కూడా ఆ వెతుకులాటలోనే దొరికింది. "చ" అని ఎర్ర సిరాతో పడింది. దుకాణం కోడలు ఆ రోజు గుడాలు కూడా తినకుండా వెళ్లిపోయింది. వచ్చే శనివారం మామూలుగానే వచ్చింది, రాగానే "ఆళ్వారుస్వామి పుస్తకాల మూట నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మిండట గదా, మా దిక్కు వచ్చిండేమో అడుగుత" అంది. అడిగింది కూడా. మూడు ఊళ్ల నుంచి కబుర్లు తెచ్చింది.

టీచరమ్మకు సురవరం వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర అంటే భక్తి. రాజుల పేర్లు, యుద్ధాలు పక్కకు పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికి రాసిన పుస్తకం. తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ బహుమానం 1955లో దానికే వచ్చింది, అప్పటికి ఆయన లేరు. "గాయన జనం సంగతి అట్ల రాస్తే, మనం ఈ ఉద్యమం సంగతి అట్ల రాయాలె" అనేది టీచరమ్మ. సభలో ఎవరు మాట్లాడారన్నది పత్రికల్లో ఉంటుంది. ఆ సభకు వచ్చినవాళ్లకు ఎవరు వండారు, ఏం వండారు, ఎంత మందికి, రాత్రి ఎక్కడ పడుకున్నారు, వాళ్ల బట్టలు ఎవరు ఉతికారు, ఇది మాత్రం ఏ పత్రికలోనూ లేదు. మా నోటుబుక్కుల్లో ఉంది.

* * *

మూడు శనివారాలు వరసగా ఒక ముసలమ్మ వచ్చింది. ఎవరిదో అత్తగారి అక్క. కూతురి దగ్గరికి హనుమకొండకు వస్తే పట్టుకొచ్చారు. కొత్త పెళ్లికూతురుగా జోగిపేటలో ఉండగా 1930లో అక్కడ, ఆ జనసంఘం నుంచే ఎదిగిన ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగింది. దాంతో పాటు ఆడవాళ్ల సభ కూడా జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. అది పుస్తకాల్లో ఉన్నదే. ముసలమ్మకు ఆ పేరు కూడా గుర్తు లేదు. ఏ తీర్మానాలు చేశారో అసలే గుర్తు లేదు.

"మరి ఏం గుర్తున్నదవ్వా?" అంది అమ్మ.

"ఒక ఆడిమనిషి లేసి నిలవడ్డది బిడ్డా. గంత మంది ముందట. మాట్లాడేది ఆమె, వణికేది నేను. నన్నే లేపిన్రా అన్నట్టు కాళ్లు వణికినయి."

అమ్మ రాయడం ఆపేసి చూస్తూ ఉండిపోయింది. టీచరమ్మే "రాయి, రాయి" అని గుర్తుచేసింది. మార్జిన్‌లో "చూ" పడింది. ఆ తర్వాత ముసలమ్మ ఇంకా చాలా చెప్పింది, బండి కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు, కొంగు తల మీంచి జారితే సర్దుకున్న తీరు, ఇంటికొచ్చాక అత్త వారం రోజులు మాట్లాడకపోవడం. నాకు వింటుంటే ఆ ఒక్క మాట చాలనిపించింది. మహాసభల చరిత్ర మీద తర్వాత నేను చాలానే చదివాను. ఆ మాట ఇచ్చినంత బలం ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మా అమ్మమ్మ చెప్పిన సంగతి కూడా రాసి ఉంది. పరకాల దగ్గర ఊరు వాళ్లది. తాత ఊళ్లో నలుగురితో కలిసి చిన్న గ్రంథాలయం నడిపేవాడు, గ్రంథాలయం అంటే ఒక గూటిలో ఓ యాభై పుస్తకాలు. రజాకార్ల కాలంలో ఒక రోజు పోలీసులు వస్తున్నారని ముందు కబురొచ్చింది. తాత ఇంట్లో లేడు. అమ్మమ్మకు చదువు రాదు. అయినా కొన్ని పుస్తకాలు ఏరి వడ్ల గుమ్మిలో లోపలికంటా దించి, పైన వడ్లు పోసింది. మిగతావి గూట్లోనే వదిలేసింది, గూడు ఖాళీగా కనిపిస్తే అనుమానం వస్తుందని. వాళ్లు వచ్చి, చూసి, ఉన్నవాటిని తిరగేసి పోయారు.

"నీకు చదువు రాదు కదమ్మా, ఏవి దాయాలెనో ఎట్ల తెలిసింది?" అని అమ్మ అడిగింది, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, తన తల్లినే ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు.

"మీ నాయిన తలుపేసుకొని చదివేటియి ఏవో నాకు తెల్వదా?" అంది అమ్మమ్మ.

ఆ పుస్తకాల్లో ఒకటి మా బీరువాలోకి వచ్చింది. దాని పేజీలు విడదీస్తే మధ్యలో ఇప్పటికీ వడ్ల నూగు రాలుతుంది. చేతికి తగిలితే దురద పెడుతుంది. దులిపేద్దామని కచేరీ అక్క అంటే టీచరమ్మ వద్దంది. ఆ నూగు కూడా లెక్కలోకే వస్తుందంది.

* * *

వకీలమ్మ గురించి విడిగా చెప్పాలి. ఆమె చదివింది ఉర్దూ మీడియంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే, పాడేది తెలుగే, రాయడం మాత్రం ఉర్దూ అక్షరాల్లోనే వచ్చు. నాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాటలు, సంఘం రోజుల్లో, అంటే తెలంగాణ సాయుధ పోరాటం నాడు, ఊళ్లలో తిరిగిన పాటలు ఆమెకు వందల కొద్దీ వచ్చు. అవన్నీ ఆమె తన నోటుబుక్కులో తెలుగు మాటల్ని ఉర్దూ లిపిలో రాసుకునేది.

నేను ఆమె పక్కనే కూర్చుని చూసేదాన్ని. కలం కుడి నుంచి ఎడమకు పోతుంటే నాకు తల తిరిగినట్టుండేది. ఉర్దూలో మన "ళ", "ణ" లకు అక్షరాలు లేవు కదా, ఆమె తనకు తానే చుక్కలు కలిపి గుర్తులు పెట్టుకుంది. వాక్యమంతా రాశాక వెనక్కి వెళ్లి ఆ చుక్కలు టకటకా పెట్టేది, సందులు చూసి వరి నారు నాటుతున్నట్టు. తర్వాత ఆమె పాడుతుంటే కాజీపేట అత్తమ్మ తెలుగులో ఎక్కించేది. అక్కడే అసలు తమాషా. ఒకరిది ఓరుగల్లు యాస, ఒకరిది గుంటూరు చెవి.

"అదేంటి వదినా, 'బర్రె' అన్నారా 'బండి' అన్నారా?"

"గట్ల ఇంటవేంది, మళ్ల పాడుత సూడు."

మళ్లీ పాడేది. అత్తమ్మ రాసింది టీచరమ్మ చూసి, గుంటూరు మాట ఏదైనా దూరితే కొట్టేసి సరిచేసేది. పాట ఎలా పాడితే అలాగే రాయాలి, మన పలుకుబడిని దిద్దకూడదు అన్నది ఆమె పట్టుదల. మా ఊళ్లో కాళోజీ గారు ఎప్పటి నుంచో చెప్తున్న మాటే అది. ఆయన "నా గొడవ" కవితల పుస్తకం 1953లో ఆలంపూర్ పరిషత్తు సభల్లో శ్రీశ్రీ చేతుల మీదుగా వచ్చిందని టీచరమ్మ చెప్తుంటే, తను అక్కడ లేకపోయినా ఉన్నట్టే కళ్లు మెరిసేవి. మార్జిన్‌లో మాత్రం "చ" అనే రాయించింది.

అత్తమ్మకు ఒక పండగ రోజు వచ్చింది. 1982లో ఇల్లిందల సరస్వతీదేవికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది, స్వర్ణకమలాలు కథలకు. తెలుగులో ఆ బహుమానం అందుకున్న మొదటి ఆడమనిషి. ఆమె పుట్టింది నరసాపురం, పెళ్లై హైదరాబాద్ వచ్చి ఇక్కడి మనిషైపోయింది. 1935 నాటి ఆంధ్ర యువతీ మండలిలో యెల్లాప్రగడ సీతాకుమారి, నందగిరి ఇందిరాదేవి లాంటివాళ్లతో కలిసి పనిచేసింది. పేపరు పట్టుకుని అత్తమ్మ మధ్యాహ్నం ఎండలోనే వచ్చేసింది. "చూశారా, నాలాగా కోడలై వచ్చినామే!" ఆ శనివారం నోటుబుక్కు తెరవలేదు. నేను గొంతు బొంగురు పోయేదాకా ఆ కథలు చదివాను. అత్తమ్మ సేమ్యా పాయసం చేసుకొచ్చింది, అందులో ఎండుద్రాక్ష ఎక్కువ వేసింది.

* * *

బయట మాత్రం వీళ్లను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకసారి ఊళ్లో ఒక పెద్ద సాహిత్య సభ జరిగితే వీళ్లను పిలిచారు. సంబరంగా వెళ్లారు. ప్రార్థనాగీతం పాడమన్నారు, వచ్చినవాళ్లకు బొట్టు పెట్టి పూలివ్వమన్నారు. టీచరమ్మ నెల రోజులు కూర్చుని గ్రంథాలయోద్యమంలో ఆడవాళ్ల గురించి వ్యాసం రాసుకుని పోయింది. ఆమెకు సమయమిచ్చేసరికి కుర్చీలు మడుస్తున్నారు. ఆమె చదివింది. మిగిలిన పదీ పదిహేను మందికి, కుర్చీలు మడిచే పిల్లలకి, మొత్తం చదివింది. ఒక్క పేరా వదల్లేదు. అమ్మ దారిలో ఏడ్చింది, ఆమె ఏడవలేదు. నాకు ఆ సభ మీద ఇప్పటికీ కోపమే.

పుస్తకాల బాగోగులు చూసే వారం ఒకటుండేది, వానలు తగ్గాక. అరల్లోవన్నీ తీసి నీడన ఆరబెట్టేవారు. మైదాపిండితో లై కాచి, అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవారు, అంటించిన చోట పురుగు రాకుండా. నీలంగా మెరిసే ఆ పలుకుల్ని పిల్లలు ముట్టుకుంటే వీపు విమానం మోతే. చినిగిన పేజీల వెనక పల్చటి కాగితం అంటించి, పైన ఇస్త్రీపెట్టె బరువు పెట్టేవారు. పాత వసకొమ్ములు తీసేసి కొత్తవి పెట్టేవారు. ఆ రోజు వంట ఏ ఇంట్లోనూ సరిగ్గా అయ్యేది కాదు. మగవాళ్లు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునేవారు.

తర్వాత టీవీ వచ్చింది. శనివారాలు కొంచెం పలచబడ్డాయి. కచేరీ అక్కకు బదిలీ. దుకాణం వాళ్లు ఇల్లు మారారు. వకీలమ్మ ఒక చలికాలం హఠాత్తుగా పోయింది. టీచరమ్మ కళ్లు తగ్గాక కూడా వచ్చి కూర్చుని మార్జిన్‌లో ఏం పడిందో అడిగి మరీ తెలుసుకునేది. ఆమె పోయాక అమ్మ, అత్తమ్మ ఇద్దరే మిగిలారు. అమ్మ మా తమ్ముడి దగ్గరికి డాలస్ వెళ్లి ఆర్నెల్లుంటే, అక్కడి శుక్రవారం రాత్రి, ఇక్కడి శనివారం పొద్దున, ఫోన్లో చదువుకునేవారు. మా మరదలు మొదట్లో ఏదో వ్రతకథ అనుకుందట.

తెలంగాణ వచ్చాక, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగా చేయడం మొదలయ్యాక, ఒక్కసారిగా మా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. నోటుబుక్కులు చూపించమన్నారు, ఫోటోలు తీసుకున్నారు. అమ్మ పొంగిపోయింది. పరిశోధన చేస్తున్నానని ఒకాయన అయిదో నంబరు నోటుబుక్కు పట్టుకెళ్లాడు. తిరిగి ఇవ్వలేదు. జోగిపేట ముసలమ్మ మాటలున్నది అందులోనే. నేను పైన రాసింది నా జ్ఞాపకం నుంచి రాశాను. టీచరమ్మ ఉంటే నా మార్జిన్‌లో "వి" కాదు, "చూ" పడేది. నేను ఆ గదిలోనే ఉన్నాను కదా.

* * *

ఇప్పుడు మిగిలిన నోటుబుక్కులన్నీ హైదరాబాద్‌లో నా దగ్గరే ఉన్నాయి. మేనకోడలు స్కానింగ్ మొదలుపెట్టింది. సిరా వెలిసిపోయిన పేజీలు కూడా కంప్యూటర్‌లో కొంచెం ముదురు చేస్తే చదవడానికి వస్తున్నాయి. ఎడమ వైపు ఖాళీ పేజీలను వదిలేద్దామా అని అడిగింది. వద్దన్నాను, వాటిని కూడా తియ్యమన్నాను. అవి ఇంకా రాయవలసిన పేజీలు.

ఒక పని మాత్రం మా వల్ల కావడం లేదు. వకీలమ్మ నోటుబుక్కులో చివరి ముప్పై, నలభై పేజీలు తెలుగులోకి ఎక్కించకముందే ఆమె పోయింది. అన్నీ పాటలే అని మాత్రం తెలుసు, మధ్యలో గీతలు, పల్లవి దగ్గర అడ్డంగా ఒక గుర్తు ఉన్నాయి. ఉర్దూ బాగా వచ్చిన ఒక మాస్టారుకు చూపించాను. అక్షరాలు కూడబలుక్కుని చదివాడు కానీ ఆయనకు తెలుగు రాదు, మాట ఎక్కడ తెగుతుందో పట్టుకోలేకపోయాడు. పైగా ఆమె సొంతంగా పెట్టుకున్న "ళ", "ణ" గుర్తుల దగ్గర ఆగిపోతున్నాడు. వాటిని నేను చెప్పగలను, పక్కన కూర్చుని చూసినదాన్ని. ఉర్దూ చదవడం వచ్చి, వరంగల్ పల్లెల తెలుగు చెవికి అలవాటైనవాళ్లు కావాలి. మీ ఇళ్లలో అమ్మమ్మలో నానమ్మలో, ఆ కాలంలో ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు ఉంటే అడిగి చూడండి. శనివారం మధ్యాహ్నాలు నేను ఇంట్లోనే ఉంటాను.